ఆధారం: కాలినడక

జూన్ 4, మంగళవారం

చూసినవి 212. సరిగ్గా ఉన్నవి 190. జరిపినవి 17. తేలనివి 5.

నాలుగింటికి మేడం ఒక ఫిర్యాదు కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అంబులెన్సు వాళ్లది. నిన్న మధ్యాహ్నం ఒక ఇంటికి బయల్దేరిన బండి మా పటం చూపించిన చోటికి వెళ్లి ఆగింది. అక్కడ ఆ ఇల్లు లేదు. అసలు ఇంటికి చేరేసరికి పద్దెనిమిది నిమిషాలు ఆలస్యమైంది. మనిషి బతికాడు. మాట పడిపోయింది.

చిరునామా ఇస్తే అది భూమ్మీద ఎక్కడుందో చుక్క పెట్టి చూపడం మా ఆఫీసు పని. ఆ చుక్కలు సరిచూసేది నేను, తప్పితే కాగితం నా దగ్గరికి వస్తుంది. వారానికి నాలుగైదు వస్తూనే ఉంటాయి. కొత్తేమీ కాదు.

కలప డిపో సందు, 27.

ఆ ఇల్లు నేనెప్పుడూ చూడలేదు. మా అక్క వాళ్లది.

జూన్ 5, బుధవారం

చూసినవి 140.

బావ సంగతి పిన్ని ఫోన్ చేసి చెప్పింది. పక్షవాతం. కుడి చెయ్యి కొద్దిగా కదుపుతున్నాడట. ఏదో చెప్పబోతాడట, గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదట. ఇంకో పది రోజులు ఆసుపత్రిలోనే. వెళ్లి చూసి రాకూడదా అంది. ఆఫీసులో పని ఎక్కువగా ఉందన్నాను. పని ఎక్కువగానే ఉంది.

27 చుక్క వివరాలు తీసి చూశాను. ఆధారం గడిలో 'కా' అని ఉంది. కాలినడక. అంటే మనిషి ఆ గేటు ముందు నిలబడి, నంబరు కళ్లారా చూసి, చేతిలోని యంత్రంతో పెట్టిన చుక్క. మిగతావన్నీ దాని తర్వాతే. పన్ను జాబితా, కరెంటు మీటర్ల జాబితా, పైనుంచి తీసిన ఫోటోలు, డెలివరీ వాళ్లు సరుకు ఇచ్చిన చోట పడే గుర్తులు, ఇవేవీ లేకపోతే అంచనా. ఇన్ని ఆధారాలు ఒక మాట చెప్పి 'కా' ఇంకో మాట చెప్తే 'కా' మాటే నిలబడుతుంది. ఆ నియమం ఆఫీసులో పెట్టించింది నేనే.

పక్క గడిలో నడిచిన మనిషి సంతకం ఉంటుంది. నాదే. ఐదేళ్ల కిందట ఆ పేటంతా నడిచింది నేను. ఆ సందు దగ్గరికి వచ్చేసరికి వాన పడింది.

జూన్ 6, గురువారం

చూసినవి 175. తేలనివి 2.

ఫోటోలు చూసే ఆవిడ బల్ల నా వెనకే. ప్రపంచాన్ని పైనుంచి తప్ప చూడదని అందరూ ఆమెని శాటిలైట్ అంటారు. ఆమే ఒప్పుకుంది ఆ పేరుకి. మధ్యాహ్నం నా తెర మీద ఆ సందు ఉండగా వెనక నిలబడి మంచినీళ్లు తాగుతూ, "అన్నయ్యా, ఈ సందులో ఇళ్లని తాడు పట్టి కట్టారా ఏంటి?" అంది.

ఎందుకలా అడిగావన్నాను.

"చుక్కకీ చుక్కకీ మధ్య దూరం చూడు. అన్నీ ఒకటే. మా ఇంట్లో నలుగురం భోజనానికి కూర్చున్నా ఇంత సమంగా కూర్చోం."

కొన్ని సందులు అలాగే ఉంటాయన్నాను. ఆమె గ్లాసు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

కొలిచాను. పది మీటర్ల పావు. పది మీటర్ల పావు. పది మీటర్ల పావు. సందు పొడవు నాలుగు వందల ఇరవై మీటర్లు, పన్ను జాబితా ప్రకారం ఒకే వైపున నలభై ఒక్క ఇళ్లు. భాగిస్తే అంతే వస్తుంది.

ఏ ఊళ్లోనూ ఇళ్లు అలా నిలబడవు.

జూన్ 7, శుక్రవారం

చూసినవి 198. ఐదేళ్ల కిందట ఆ సందు దగ్గరికి వెళ్లిన రోజు పెద్ద వాన.

జూన్ 8, శనివారం

సెలవు. చూసినవి లేవు.

ఇది ఎందుకు రాస్తున్నానో తెలియదు. బావతో గొడవేమీ పడలేదు నేను. ఆరేళ్ల కిందట వాళ్ల పాత ఇంట్లో భోజనానికి పిలిచారు. బావ ఆఫీసు వాళ్లు ఆరుగురు వచ్చారు. ఒకాయన నన్ను ఏం చేస్తుంటావని అడిగాడు. నేను చెప్పేలోపే బావ అందుకున్నాడు. "మా బావమరిది భూగోళాన్ని కొలుస్తాడండీ. పదో తరగతి ఒక్కటే కొలతకి అందలేదు."

అందరూ నవ్వారు. నవ్వదగ్గ మాటే. నేను పది తప్పి, కరెంటు మీటర్లు చూసే ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు కూర్చుని, లెక్కలూ పటాలూ ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాను. బావకి ఆ సంగతి బాగా తెలుసు. కష్టమైన పుస్తకం ఒకటి కొనిచ్చింది కూడా ఆయనే. అది వేరే విషయం.

అక్క కూడా నవ్వింది. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నవ్వి, నన్ను చూసి, ఆపింది. ఆపకపోయినా బాగుండేది.

చెయ్యి కడుక్కుని వచ్చేశాను. ఆ తర్వాత నాలుగు నెలలకి వాళ్లు కలప డిపో సందుకి మారారని పిన్ని చెప్పింది. నంబరు కూడా చెప్పింది. నేను అడగలేదు.

జూన్ 10, సోమవారం

చూసినవి 96.

అంబులెన్సు డ్రైవరు ఆఫీసుకి వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఫిర్యాదు విభాగం ఎక్కడని అడిగితే కాపలా ఆయన నా బల్ల చూపించాడు. డ్రైవరుని పని నుంచి ఆపేశారట. పదిహేడో తారీఖున విచారణ. పటం కరెక్టే అనీ, తనే దారిలో ఎక్కడో కాలక్షేపం చేశాడనీ అభియోగం. అది నిజమని తేలితే ఉద్యోగం పోతుంది. ఇరవై రెండేళ్ల సర్వీసు.

కుర్చీ చూపించాను, కూర్చోలేదు. జరిగింది నిలబడే చెప్పాడు. పటం చెప్పినట్టు పెద్ద రోడ్డు వైపు నుంచి సందులోకి వెళ్లాడు. చుక్క దగ్గర బండి ఆపితే ఎదురుగా ఉన్నది 19. ఇంకొంచెం ముందుకి వెళ్తే సందుకి అడ్డంగా గోడ. మనిషెత్తు కన్నా ఎక్కువ. 27 ఆ గోడ అవతల ఉందని అక్కడివాళ్లు చెప్పారు. అటు వెళ్లాలంటే బండి వెనక్కి తీసి, పెద్ద రోడ్డు మీదుగా రైలు గేటు దాటి, చుట్టూ తిరిగి రావాలి. రైలు గేటు వేసి ఉంది.

నేను రాసుకుంటూ ఉన్నాను. ఆయన నా కాగితం వైపు చూసి అడిగాడు.

"మీ రికార్డులో మనిషి నడిచి చూశాడని ఉందట కదా సార్. ఆ నడిచినాయనకి గోడ కనపడలేదా?"

తర్వాత కట్టి ఉండొచ్చన్నాను.

"గోడ మీద నాచు పట్టి ఉంది సార్. మీ ఆయన దూకుకుంటూ పోయాడేమో. దూకేవాళ్లకి గోడ లెక్కలోకి రాదు కదా."

నవ్వలేదు. నేనూ నవ్వలేదు. వెళ్తూ, బండిలో పడుకోబెట్టిన పేషెంటు చెయ్యి పట్టుకుని భార్య ఏడవకుండా కూర్చుందనీ, అలాంటివాళ్లని చూస్తేనే తనకి భయమనీ అన్నాడు.

ఆవిడ మా అక్క.

జూన్ 11, మంగళవారం

చూసినవి 160.

విచారణకి మా ఆఫీసు నుంచి ధ్రువపత్రం కావాలట. మేడం తయారుచేసి తెచ్చారు. ఒకటే పేరా. 'సదరు చుక్కకి ఆధారం కాలినడక. మా దగ్గరున్న ఆధారాల్లో అత్యంత నమ్మకమైనది. అంబులెన్సు సంస్థకి ఇచ్చిన స్థానం మా రికార్డుల ప్రకారం సరైనది.'

"మీరు నడిచిన పేట కదా, మీ సంతకం ఉంటే ఇంక ఎవరూ మాట్లాడరు" అన్నారు.

గోడ సంగతి చెప్పాను. గోడలు పడుతుంటాయి, లేస్తుంటాయి, మనం పెట్టేది ఇంటి చుక్క, గోడ చుక్క కాదు అన్నారు. అదీ నిజమే.

రికార్డుల ప్రకారం అనే ఉంది. రికార్డుల్లో అలాగే ఉంది. సంతకం పెట్టాను.

జూన్ 12, బుధవారం

చూసినవి 31.

డెలివరీ వాళ్ల గుర్తులు తీశాను. ఐదేళ్లలో 27కి సరుకు ఇచ్చిన గుర్తులు అరవై మూడు. అన్నీ ఒకచోట ముద్దగా ఉన్నాయి. నా చుక్కకి యాభై మీటర్ల అవతల.

అరవై మూడు సార్లు అరవై మూడు మంది ఆ ఇంటి ముందు నిలబడి, ఇల్లు ఇక్కడుందని చెప్పారు. 'కా' ఉంది కాబట్టి వాటిని ఎవరూ వినలేదు.

ఆఫీసు కంప్యూటరు మాత్రం వింది. తేడా ఎక్కువగా ఉన్న చోట అదే ఒక ప్రశ్న పంపుతుంది, చుక్క జరపమంటారా అని. 27 గురించి రెండుసార్లు పంపింది. మూడేళ్ల కిందట ఒకసారి, పోయిన ఏడాది ఒకసారి. రెండుసార్లూ ఎదురుగా ఒకే జవాబు ఉంది. 'వద్దు. కాలినడక ఆధారం ఉంది.' రెండుసార్లూ నా సంతకమే.

రోజుకి రెండు వందలు చూస్తాను. ఏది ఏమిటో గుర్తుండదు.

27 అని ఉంటే గుర్తుండాలి.

జూన్ 13, గురువారం

చూసినవి లేవు. ఒంట్లో బాలేదని సెలవు పెట్టాను. ఒంట్లో బాగానే ఉంది.

అటక మీద నుంచి పాత నోటుబుక్కులు దించాను. ఐదేళ్ల కిందటిది దొరికింది. రోజూ రాయడం ఆపలేదు కాబట్టి ఆ రోజుది కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను.

'చూసినవి 118. ఎండ. నీళ్ల సీసా రెండుసార్లు నింపాను. డిపో సందు మొదట్లో టీ. ఇరవై నిమిషాలు. సందు 41.'

ఎండ.

వాన ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అదే వారంలో ఇంకో రోజు పడిందేమో అని ముందుకీ వెనక్కీ చూశాను. ఆ నెలంతా పడలేదు. ఐదేళ్లుగా ఆ వాన నా మనసులో పడుతూనే ఉంది, తడిసిన చొక్కా కూడా గుర్తుంది నాకు.

ఇరవై నిమిషాలు సందు మొదట్లో నిలబడి టీ తాగాను. ఒక టీ తాగడానికి నాకు మూడు నిమిషాలు చాలు. అక్కడి నుంచి చూస్తే కుడివైపు కలప డిపో ప్రహరీ కనిపిస్తుంది, పొడుగ్గా. దాని తర్వాత ఇళ్లు. అక్క ఏ గేటులోంచైనా బయటికి వస్తుందేమో అని చూశాను. వస్తే ఏం చేయాలో తెలియలేదు. నంబరు రాసుకోవడానికి వచ్చాను అనాలి. అలా అంటే బావ లోపల్నుంచి ఏదో ఒకటి అంటాడు.

టీ డబ్బులిచ్చి, గ్లాసు పెట్టేసి, వెనక్కి తిరిగాను. ఆఫీసులో కూర్చుని నలభై ఒకటితో భాగించాను. ఆధారం గడిలో 'అంచనా' అని కొట్టి ఉంటే సరిపోయేది. 'అంచనా' కొడితే మర్నాడు మేడం ఎందుకు నడవలేదని అడుగుతారు.

ఒకటో నంబరు కలప డిపో. అది ఒక్కటే నూట యాభై మీటర్లు. దానికీ పది మీటర్ల పావే ఇచ్చాను.

జూన్ 14, శుక్రవారం

చూసినవి 41.

ఉదయం వెళ్లగానే ఆ సందులోని నలభై ఒక్క చుక్కలకీ 'కా' తీసేసి 'అంచనా' అని మార్చాను. కారణం గడిలో 'నడవలేదు' అని రాశాను. తర్వాత మేడం గదికి వెళ్లి నిలబడ్డాను. పొడుగ్గా చెప్పడం నాకు రాదు. మంగళవారం పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటున్నానన్నాను. ఆ సందులో నేను అడుగు పెట్టలేదన్నాను.

ఆవిడ తెర మీద నా పేరు కొట్టి లెక్క తీశారు.

"ఇంకెన్ని ఉన్నాయి ఇలాంటివి?"

"ఇదొక్కటే."

"మీ పేరు మీద తొమ్మిది వేల నాలుగు వందల చుక్కలున్నాయి. ఇదొక్కటే అని నేనెలా నమ్మాలి?"

నిజం ఇదొక్కటే. కానీ ఆవిడ అడిగినదానికి నా దగ్గర ఆధారం లేదు.

కారణం అడిగారు. ఇంటి విషయం అన్నాను. ఇంటి విషయాలు ఇంట్లో పెట్టుకోవాలి, పటంలో కాదు అన్నారు. కోపంగా అనలేదు. ఉత్తరం రాసివ్వమన్నారు. అక్కడే కూర్చుని రాశాను. ఆరు వాక్యాలు. వానని రాయలేదు.

బయటికి వస్తే శాటిలైట్ తల ఎత్తలేదు. తన డబ్బాలోంచి రెండు బిస్కెట్లు తీసి నా బల్ల మీద పెట్టి ఉంచింది.

జూన్ 15, శనివారం

బావని ఇంటికి పంపించారట. పిన్ని చెప్పింది. ఏ ఇంటికి అని అడగబోయి ఆగాను.

జూన్ 17, సోమవారం

విచారణ. బెంచీ మీద డ్రైవరు పక్కనే కూర్చోబెట్టారు. నా ఉత్తరం పైకి చదివారు. విచారణాధికారి మీ పనేమిటో చెప్పండి అన్నాడు, చెప్పాను. 'కా' అంటే ఏమిటో చెప్పాను. భాగించిన లెక్క కాగితం మీద వేసి చూపించాను. గోడ ఎక్కడుందో, చుక్క ఎక్కడ పడిందో, ఇల్లు ఎక్కడుందో. చుక్కకీ ఇంటికీ యాభై మీటర్లు. బండికి పద్దెనిమిది నిమిషాలు.

"ఆ పద్దెనిమిది నిమిషాలు ముందు వచ్చి ఉంటే రోగికి మాట పోయేది కాదా?" అని ఆయన డాక్టరుని అడిగాడు. చెప్పలేమని డాక్టరు అన్నాడు. పోయేదనీ చెప్పలేం, ఉండేదనీ చెప్పలేం.

ఆ జవాబు నాకు అనుకూలంగా ఉంది. అనుకూలంగా ఉందని నేను గమనించాను. అందుకే రాసి పెడుతున్నాను.

డ్రైవరుది తప్పు లేదని అక్కడికక్కడే రాసేశారు. రేపటి నుంచి డ్యూటీ. వరండాలో నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"మీరేనా సార్ ఆ గోడ దూకినాయన?"

అవునన్నాను.

తిడతాడనుకున్నాను. "వారం రోజులు ఇంట్లో మా ఆవిడ మొహం చూడలేకపోయాను సార్" అని మాత్రం అని, మెట్లు దిగి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 18, మంగళవారం

చూసినవి లేవు. ఇక నన్ను చూడనివ్వరు.

సరిచూసే పని నుంచి తీసేశారు. నా తొమ్మిది వేల నాలుగు వందల చుక్కలకీ ఒక్క దెబ్బతో 'కా' తీసేశారు. ఇప్పుడవన్నీ అంచనాలు. ఎండలో ప్రతి గేటు ముందూ నిలబడి పెట్టినవి. కుక్కలు తరిమినవి. ఒక ముసలాయన మజ్జిగ ఇచ్చి, మా నంబరు సరిగ్గా రాసుకో నాయనా, ఉత్తరాలు పక్కింటికి పోతున్నాయి అన్నవి. అన్నీ.

మేడం చేసింది సరైన పని. నేనైనా అలాగే చేస్తాను.

వాటిని మళ్లీ నడిచే పని ఎవరికిస్తారని అడిగాను. ఎవరూ లేరన్నారు. నేను నడుస్తానన్నాను. జీతం పాత మీటర్ల ఉద్యోగం అంతే ఉంటుంది, తర్వాత ఇంకో మనిషి వచ్చి పదిళ్లకి ఒకటి తనిఖీ చేస్తాడు, సమ్మతమేనా అన్నారు. సమ్మతమే.

ఎక్కడ మొదలుపెడతారని అడిగారు. చెప్పాను.

జూన్ 20, గురువారం

ఎండ.

ఎనిమిదింటికి పెద్ద రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టాను. టీ తాగలేదు. ఒకటి, కలప డిపో. గేటు నుంచి చివరి దాకా రెండు వందల అడుగులు వేశాను, తాజా కోత వాసన. రెండు, కుట్టు మిషను చప్పుడు. మూడుకి నంబరు లేదు, అడిగితే లోపలావిడ మూడే అంది. పంతొమ్మిది దగ్గర అరుగు మీద ఇద్దరు కూర్చుని, మొన్న అంబులెన్సు ఇక్కడే ఆగిందని తమలో తాము చెప్పుకుంటూ నాకూ చెప్పారు. ఇరవై మూడు తర్వాత గోడ. డ్రైవరు చెప్పినట్టే నాచు. కట్టిన సంవత్సరం సిమెంటు మీద గీసి ఉంది. నేను ఈ ఉద్యోగంలో చేరక ముందుది.

వెనక్కి వచ్చి, పెద్ద రోడ్డు మీదుగా రైలు గేటు దాకా నడిచాను. గేటు వేసి ఉంది. పదకొండు నిమిషాలు నిలబడ్డాను. బండిలో ఉన్నవాళ్లకి ఇది ఎంతసేపుగా అనిపించి ఉంటుందో అంచనా వేయడానికి ప్రయత్నించాను. అంచనాలు మానేశాను.

అవతలి కొస నుంచి సందులోకి వచ్చి, ముందు గోడ దాకా నడిచాను. ఇరవై నాలుగు. ఇరవై ఐదు. ఇరవై ఆరు.

ఇరవై ఏడు గేటు మీద నంబరు కొత్త రంగుతో పెద్దగా రాసి ఉంది. ఈ మధ్యే వేయించి ఉంటారు. యంత్రం కుదురుకోవడానికి నలభై సెకన్లు పట్టింది. తప్పు రెండు మీటర్లకి మించదని చూపించింది. 'కా' నొక్కాను.

తల ఎత్తితే అక్క గేటు అవతల నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. జుట్టు బాగా నెరిసింది.

"ఏం చేస్తున్నావురా అక్కడ?"

"ఇల్లు రాసుకుంటున్నా."

"అయిందా?"

"అయింది." ఆగి, "అక్కా, బండి తప్పిపోయిన చుక్క నేను పెట్టిందే" అన్నాను. "ఇటు రాకుండా పెట్టాను. వచ్చినట్టు రాశాను."

ఆమె గేటు ఊచ పట్టుకుని నిలబడింది. కిందికి చూసింది. పక్కింటి వైపు చూసింది. నేను వెళ్లిపోవాలేమో అనుకున్నాను. అప్పుడు గడియ తీసింది.

"నాకు చెప్పావు సరే. ఆయనకి కూడా నువ్వే చెప్పు. నేను చెప్పను."

బావ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో దిండు మీద పెట్టి ఉంది. నిలబడే చెప్పాను. టీ, ఇరవై నిమిషాలు, భాగహారం, గోడ, యాభై మీటర్లు. విచారణలో చెప్పినదాని కన్నా ఎక్కువే చెప్పాను. పదో తరగతి మాట కూడా చెప్పాను. ఆయన నా మొహం మీద నుంచి కళ్లు తీయలేదు. ఆయన అడ్డు రాకుండా నేను ఇంత మాట్లాడడం ఇదే మొదలు.

అయిపోయాక ఆయన నోరు కదిపాడు. రాలేదు. ఎడం చెయ్యి ఎత్తి, ఆగమని సైగ చేసి, మళ్లీ కదిపాడు. అక్క సాయం చేయబోతే తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు పట్టింది.

"ఇ... ల్లు... దొరికిందా?"

మూతి ఒక పక్కే కదిలింది. అది కోపమో, వెక్కిరింతో, పాత నవ్వో సగం మొహంలో నేను పోల్చుకోలేకపోయాను. అక్క నవ్వబోయింది. ఈసారి ఆపలేదు.

"దొరికింది బావా" అన్నాను.

ఆయన ఎడం చేత్తో ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు.

చూసినవి 27. మిగిలినవి 14, రేపు.